చిన్నాన్న బండి, పాత రబ్బరు, కొత్త చేతులు

పేరు రాయవద్దన్న ఒక పాఠకుడి ఉత్తరం ఇది. ఆరు పేజీలు. సగం బండి గురించి, సగం ఇంట్లోవాళ్ళ గురించి. రెండూ పెనవేసుకుపోయాయి కాబట్టి రెండింటినీ కుదించి ఇస్తున్నాను.

ఈయనకు 34 ఏళ్ళు. చిన్నాన్నగారు తన 1975 నాటి హోండా సీబీ 750 మోటార్‌సైకిల్‌ను ఈయనకు ఇచ్చేశారు. పెద్దాయనకు మోకాళ్ళు సహకరించక, బండి పదకొండేళ్ళుగా షెడ్డులో దుప్పటి కింద ఉండిపోయింది. మన పాఠకుడికి సైకిల్ చెయిను ఎక్కించడం తప్ప మరో మరమ్మతు తెలియదు. ఒక మెకానిక్ చేత కార్బురేటర్లు శుభ్రం చేయించి, కొత్త బ్యాటరీ వేయించి ఇంజను స్టార్ట్ చేశారు. "నాలుగు సైలెన్సర్లూ ఒక్కసారిగా పలికాయి. చిన్నాన్నకు ఫోనులో వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు" అని రాశారు.

మూడో రోజు నుంచి షెడ్డులో పెట్రోలు వాసన. కార్బురేటర్ దగ్గర గొట్టం తడిగా కనిపిస్తే ఇన్సులేషన్ టేపు చుట్టారు. వారానికి ఆ టేపు బంకలా జారిపోయింది. గొట్టాన్ని వేలితో వంచి చూస్తే ఎండిన చెరువులా నెర్రెలు. అప్పటి నుంచి ప్రతి గొట్టాన్నీ అనుమానంగా చూడడం మొదలుపెట్టారు. కుడివైపు కవరు వెనుక ఇంజను ఆయిల్ గొట్టాలు కర్రల్లా బిగుసుకుపోయాయి. ముందు బ్రేకు నొక్కి వదిలితే చక్రం వెంటనే తిరగదు, కొన్ని నిమిషాలకు దానంతట అదే వదులవుతుంది. బ్రేక్ ప్యాడ్లు మార్పించినా అదే తీరు.

ఒక మెకానిక్ అన్ని గొట్టాలూ పీకేయాలన్నారు. మరొకాయన, "పైకి బాగానే ఉన్నాయి, కదిలిస్తే లేనిపోని లీకులు" అన్నారు. చిన్నాన్నగారిది ఒకటే మాట: "పెట్రోలు పైపు ఒకసారి మార్చాను. మిగతావి బండితో వచ్చినవే. ముప్ఫై ఏళ్ళు నన్ను మోశాయి, నిన్ను మోయవా?" భార్య మాట వేరు. షెడ్డుకూ పడకగదికీ ఒకటే గోడ. "వాసన పోతుందా, బండి పోతుందా తేల్చండి" అంటున్నారట. ఈలోగా ఈయన రెండు కొనుగోళ్ళు చేశారు. ఒకటి, పెట్రోలు కోసం చూడముచ్చటగా ఉన్న పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టం. రెండోది, ఆ కాలంలోనే తయారై ఇప్పటికీ సీలు తీయని కంపెనీ ప్యాకెట్లోని బ్రేక్ హోస్. అది దొరికినందుకు చాలా గర్వంగా ఉన్నారు. వచ్చే నెల చిన్నాన్నగారు వస్తున్నారు, వెనుక కూర్చుని ఒక్కసారి తిరగాలని ఆయన కోరిక.

"నేనే మార్చుకోగలనా? మారిస్తే ఆయన మనసు నొచ్చుకుంటుందా? తీసేసిన పాత గొట్టాలను ఏం చేయాలి?" ఇవీ ప్రశ్నలు.

మీ ఉత్తరం చదివి ముందుగా ఒక పని చెప్పాలనిపించింది. మిగతా వాటిలో మీకు దారులున్నాయి, ఇందులో లేవు. ఈ సమాధానం పూర్తిగా చదివే ముందు వెళ్ళి ట్యాంకులోని పెట్రోలు తీసి, పెట్రోలు కోసమే చేసిన మూతబిగువు డబ్బాలో పోసి ఇంటికి దూరంగా పెట్టండి. ఇంజను చల్లగా ఉండాలి, షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉండాలి, బ్యాటరీ నెగెటివ్ తీగ ముందే విప్పి ఉండాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. నేల మీదే పాకుతుంది, గుమ్మం కింది సందులోంచి పక్క గదిలోకి పోతుంది. ఈ విషయంలో మీ ఇంట్లో అందరికంటే సరిగ్గా మాట్లాడింది మీ భార్యగారు. ఆవిడ బండిని వద్దనడం లేదు, వాసనను వద్దంటున్నారు. ఈ రాత్రికి ఆ వాసన పోతే మీ సంభాషణ సగం చల్లబడుతుంది.

ఇక గొట్టాల సంగతి. ఇద్దరు మెకానిక్‌లూ మీకు చెరో సగం నిజం చెప్పారు. చిక్కు ఎక్కడుందంటే, అందరూ "గొట్టాలు" అని ఒకే మాటలో మాట్లాడుతున్నారు. మీ బండిలో మూడు రకాల గొట్టాలున్నాయి, మూడింటికీ వేరు వేరు ప్రమాదాలు. పెట్రోలు గొట్టం తెగితే బండి తగలబడవచ్చు. ఆయిల్ గొట్టం తప్పితే ఇంజను పోతుంది. బ్రేకు గొట్టం మోసం చేస్తే మీరు ఆగవలసిన చోట ఆగరు. కొత్తవారి చేతికి వీటిలో మొదటిది సులభం, రెండోది ఓపిక పని, మూడోది పక్కన తెలిసినవారు ఒకరు ఉండి చేయవలసినది. కాబట్టి "నేనే మార్చుకోగలనా" అన్న మీ ప్రశ్నకు ఒక జవాబు లేదు, మూడున్నాయి.

పెట్రోలు గొట్టాన్ని మీరే మార్చండి. అయితే ఆ పారదర్శకపు గొట్టాన్ని పక్కన పెట్టండి. మామూలు ప్లాస్టిక్ గొట్టం పెట్రోలుకు పసుపు తిరిగి కొద్ది నెలల్లో పుల్లలా గట్టిపడుతుంది, ఆపైన మూతి దగ్గర చీలుతుంది. ఇంజను వేడి తగిలిన చోట మెత్తబడి వంగిపోతుంది. లోపల పెట్రోలు పారడం కనిపిస్తుందన్న ముచ్చట తప్ప దానివల్ల లాభం లేదు. ఇంధనం కోసమే చేసిన రబ్బరు గొట్టం కొనండి. దాని ఒంటి మీద ఎస్‌ఏఈ జే30 అని, పక్కన ఆర్7 అనో ఆర్9 అనో అచ్చు ఉంటుంది. కార్బురేటర్ బండికి ఆర్7 సరిపోతుంది. ఆర్9కు లోపలి పొర ఇంకా గట్టిది, ఇథనాల్ కలిసిన పెట్రోలును బాగా తట్టుకుంటుంది. మీ చిన్నాన్నగారు వేసిన పైపు అంత నెర్రెలు వారడానికి వయసుతోపాటు ఈ ఇథనాల్ కూడా ఒక కారణం కావచ్చు. పాత రబ్బరును ఆ రోజుల్లో ఇలాంటి పెట్రోలు కోసం చేయలేదు.

కొలత విషయంలో కొత్తవాళ్ళు దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. పాత గొట్టం బయటి మందం కొలిచి కొంటారు. కావలసింది లోపలి రంధ్రం కొలత. అదీ సాగిపోయిన పాత గొట్టంలో కాదు, గొట్టం ఎక్కే లోహపు మూతి దగ్గర కొలవాలి. ఒక మిల్లీమీటరు ఎక్కువైతే, క్లిప్పు బిగిస్తే సరిపోతుందిలే అనుకుంటారు. సరిపోదు, మడత పడిన చోట చెమ్మ ఊరుతూనే ఉంటుంది. తక్కువైతే బలవంతంగా ఎక్కించిన చోటే కొన్నాళ్ళకు చీలుతుంది.

పాతది తీసేటప్పుడు లాగవద్దు. ఇది మాత్రం మరీ మరీ చెబుతున్నాను. బిగుసుకుపోయిన రబ్బరును పట్టుకుని గుంజితే గొట్టం రాదు, కార్బురేటర్ మూతి విరిగి చేతికొస్తుంది. మూతి మీదున్న భాగాన్ని బ్లేడుతో పొడవునా తేలికగా గీసి, అరటి తొక్కలా విప్పండి. బ్లేడు మొన లోహాన్ని గీయకుండా చూసుకోవాలి, ఆ గీత వెంటే తరువాత పెట్రోలు కారుతుంది. కొత్త గొట్టం పైనుంచి కిందికి ఒకే వాలులో పోవాలి, ఎక్కడా నొక్కుకోకూడదు, సిలిండరు రెక్కలకు తగలకూడదు. స్క్రూతో బిగించే పట్టీ క్లిప్పులు మెత్తని గొట్టాన్ని కోసేస్తాయి. స్ప్రింగు క్లిప్పులే చాలు. ట్యాంకులో ముందు అర లీటరు మాత్రమే పోసి, ట్యాంకు కింది పెట్రోలు కాక్ తెరిచి, ఇంజను స్టార్ట్ చేయకుండా పావుగంట కూర్చోండి. ప్రతి మూతి కింద తెల్ల కాగితం ఒకటి పెట్టండి. కాగితం పొడిగా ఉంటేనే బ్యాటరీ తీగ తిరిగి కలపండి. గొట్టాల దగ్గర పొడిగా ఉండి కార్బురేటర్ అడుగు నుంచి కారితే భయపడవద్దు. పాత గొట్టం లోపలి రబ్బరు పొడి ఒక రేణువు వెళ్ళి కార్బురేటర్ సూది కింద ఇరుక్కుని ఉంటుంది. ఇంధనం నిండినా ఆపవలసిన సూది మూసుకోదు. అది శుభ్రం చేయించే పని, గొట్టం తప్పు కాదు.

ఆయిల్ గొట్టాల మీద మీకు ఎవరూ పెద్దగా చెప్పినట్టు లేదు. మీ బండి డ్రై సంప్ ఇంజను. ఇప్పటి చాలా బండ్లలో ఆయిల్ ఇంజను అడుగునే ఉంటుంది. దీంట్లో కుడివైపు కవరు వెనుక వేరే ట్యాంకులో ఉంటుంది. ఒక గొట్టం గుండా ఇంజనుకు పోతుంది, రెండో గొట్టం గుండా తిరిగి వస్తుంది. పోయే గొట్టం లోపల మూసుకుపోయినా, వేడికి మెత్తబడి పంపు పీల్పుకు చప్పిడిగా నొక్కుకుపోయినా ఇంజనుకు ఆయిల్ అందదు. నిమిషాల్లో బేరింగులు పోతాయి. అందుకని ఇక్కడ చేతికి దొరికిన గొట్టం ముక్క పనికిరాదు. వేడి ఇంజను ఆయిల్‌కూ పీల్పుకూ తట్టుకునేలా ఈ బండి కోసం చేసిన గొట్టాలనే తెప్పించుకోండి.

ఇవి గట్టిపడ్డాయి కానీ కారడం లేదని రాశారు. కాబట్టి మీకు కొంత వ్యవధి ఉంది. ఇప్పుడే మార్చవచ్చు, లేదా ఎలాగూ ఆయిల్ మార్చవలసిన రోజు రెండు పనులూ కలిపి చేయవచ్చు. రెండోది మేలు, ఎందుకంటే ట్యాంకు ఖాళీ చేయకుండా ఈ గొట్టాలు విప్పలేరు. అప్పటి దాకా ప్రతిసారీ బండి తీసేముందు కవరు తెరిచి గొట్టాల మూతులను వేలితో తడిమి చూడండి. కొత్తవి వేశాక స్పార్కు ప్లగ్గులు తీసి కాసేపు ఇంజనును ఊరికే తిప్పి, తరువాత స్టార్ట్ చేసి ఆయిల్ ట్యాంకు మూత తెరవండి. తిరిగి వచ్చే ఆయిల్ లోపల పడుతూ కనిపించాలి, ఆయిల్ ప్రెషర్ దీపం ఆరాలి. రెండింటిలో ఏది జరగకపోయినా వెంటనే ఆపేయండి.

దీనికి అనుబంధంగా ఒక చిన్న హెచ్చరిక. ఏళ్ళ తరబడి నిలబడిన ఇలాంటి బండ్లలో ట్యాంకులోని ఆయిల్ మెల్లగా ఇంజను అడుగుకు దిగుతుంది. కొలపుల్ల తీసి చూస్తే ఆయిల్ తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. మీరు కంగారుగా లీటరు పోస్తారు. ఇంజను నడిచాక కిందిదంతా పైకి వచ్చి పొంగుతుంది. కాసేపు నడిపి ఆపిన తరువాతే కొలవాలి.

ఇప్పుడు అసలు విషయం, బ్రేకు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

1969లో ఈ మోడల్ వచ్చినప్పుడు దాని గొప్పల్లో ఒకటి ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు. అందరికీ అందే పెద్ద బండి మీద అది అప్పట్లో విశేషమే. మీ చిన్నాన్నగారు దాని మీద ప్రేమ పెంచుకున్నారంటే అర్థముంది. కానీ ఆ గొట్టం లోపల ఏం జరిగి ఉంటుందో ఆయనకు కనిపించే అవకాశం లేదు. బ్రేకు గొట్టం పైనుంచి కాదు, చాలాసార్లు లోపలి నుంచి చెడుతుంది. లోపలి పొర ఉబ్బి దారిని దారమంత చేస్తుంది, లేదా ఒక పెచ్చు లేచి తలుపులా ఆడుతుంది. మీరు లివర్ నొక్కినప్పుడు చేతి బలానికి బ్రేకు ద్రవం ఆ ఇరుకులోంచి దూసుకుపోతుంది. బ్రేకు పడుతుంది. వదిలినప్పుడు వెనక్కి నెట్టే బలం చాలా తక్కువ, కాబట్టి అది అక్కడే చిక్కుకుని నిమిషాల మీద చుక్కచుక్కగా వెనక్కి వస్తుంది. మీరు రాసిన "కొన్ని నిమిషాలకు దానంతట అదే వదులవుతుంది" అన్న ఒక్క వాక్యం నాకు ఆరు పేజీల్లోకెల్లా విలువైనదిగా తోచింది. ప్యాడ్లు మార్చినా తేడా రాకపోవడానికి కారణం ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

అయితే ఇదే లక్షణం మరో రెండు చోట్ల నుంచి కూడా రావచ్చు. హ్యాండిల్ మీద, లివర్ నొక్కితే ద్రవాన్ని కిందికి తోసే మాస్టర్ సిలిండర్ ఉంటుంది, దాని పైనే ద్రవం నిలవుండే గిన్నె. ఆ గిన్నె అడుగున సూదిమొనంత రంధ్రం ఉంటుంది, వదిలినప్పుడు ద్రవం దానిగుండా గిన్నెలోకి తిరిగి రావాలి. పదకొండేళ్ళు కదలని బండిలో అది గడ్డకట్టిన మడ్డితో మూసుకుపోవడం మామూలే. లేదా కింద కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్ తుప్పుతో పట్టేసి ఉండవచ్చు. ఏదో తేల్చుకోవడానికి డబ్బు ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాలిలో ఉండేలా చూడండి. లివర్ నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదలండి. చక్రం పట్టేసిందా? ఇప్పుడు మాస్టర్ సిలిండర్ దగ్గర గొట్టం బోల్టు చుట్టూ తడిగుడ్డ చుట్టి కొద్దిగా వదులు చేయండి. చక్రం వెంటనే తిరిగితే తప్పు పైనే ఉంది, ఆ సన్నని రంధ్రంలో. తిరగకపోతే బోల్టు బిగించి, కింద కాలిపర్ మీది నిపుల్ (గాలి తీసే చిన్న మర) వదులు చేయండి. అప్పుడు తిరిగితే మధ్యలోని గొట్టమే దోషి. అప్పటికీ తిరగకపోతే కాలిపర్ పట్టేసింది. ఈ పరీక్షతో వ్యవస్థలోకి గాలి దూరుతుంది, కాబట్టి దీని తరువాత పూర్తి మరమ్మతు అయ్యేదాకా బండి కదలకూడదు.

తడిగుడ్డ ఎందుకన్నానో చెప్పాలి. ఈ ద్రవం పెయింటును తినేస్తుంది. నేను కొత్తగా పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక్క చుక్క ట్యాంకు మీద పడితే, ముందు పని ముగించి తుడుద్దామనుకున్నాను. ముగించేసరికి రంగు ముడతలు పడి గోరుతో గీకితే ఊడింది. ఆ మచ్చ పక్కన ఇప్పటికీ కూర్చుంటాను. ఇది నీటిలో కలిసిపోయే ద్రవం కనుక చుక్క పడిన క్షణమే నీళ్ళు పోస్తే రంగు దక్కుతుంది. ట్యాంకునైతే తీసి ఇంటికి దూరంగా పెట్టుకోవడమే ఉత్తమం.

మనం దీన్ని "బ్రేక్ ఆయిల్" అంటాం. పేరే తప్పుదారి పట్టిస్తుంది. ఇది నూనె కాదు. పొరపాటున నిజమైన ఆయిల్ గాని, భాగాలు కడగడానికి పెట్రోలు గాని ఇందులోకి పోతే బ్రేకులోని రబ్బరు సీళ్ళు ఉబ్బి పట్టేస్తాయి. పెట్రోలుకు ఓర్చుకునే రబ్బరు వేరు, బ్రేకు ద్రవానికి ఓర్చుకునే రబ్బరు వేరు. మీ దగ్గర మిగిలిపోయిన పెట్రోలు గొట్టం ముక్క ఎంత బలంగా కనిపించినా బ్రేకు దగ్గరికి తేవద్దు. ద్రవం కొనేటప్పుడు గిన్నె మూత మీద ఏం రాసి ఉందో చూడండి. ఆ కాలపు బండ్లకు డాట్ 3 అనే రకం ద్రవం చెప్పేవారు. డాట్ 4 కూడా అదే జాతి, వాడవచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్‌తో చేసినది, వీటితో కలవదు. డాట్ 5.1 మళ్ళీ మొదటి జాతిదే. ఈ అంకెలు పెట్టినవారికి కొత్తవాళ్ళంటే ఏం కోపమో నాకు తెలియదు. కొత్త సీసానే తెరవండి. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి, లివర్ మెత్తగా పిడి దాకా వచ్చేస్తుంది.

ఇప్పుడు మీకు నచ్చని మాట. సీలు తీయని ఆ పాత కంపెనీ ప్యాకెట్‌ను వాడవద్దు. రబ్బరు వయసు వాడినప్పటి నుంచి కాదు, తయారైనప్పటి నుంచి లెక్క. ప్యాకెట్లో కదలకుండా పడుకున్నా దానికీ మీ బండి గొట్టాలకూ దాదాపు ఒకటే వయసు. పైకి కొత్తగా మెరుస్తుంది, అదే దానితో చిక్కు. దాన్ని ప్యాకెట్ విప్పకుండానే అలమరలో పెట్టుకోండి, లేదా ప్రదర్శనకు మాత్రమే బండ్లు సిద్ధం చేసేవారికి ఇవ్వండి.

వాడడానికి రెండు దారులున్నాయి. పాత రూపంలోనే ఇప్పుడు తయారు చేస్తున్న రబ్బరు హోసులు ఒకటి. బండి రూపం చెడదు, చిన్నాన్నగారి కంటికి తేడా తెలియదు, కానీ ఏళ్ళు గడిచాక మళ్ళీ మార్చాలి. రెండోది, లోపల టెఫ్లాన్, బయట స్టీలు తీగల అల్లిక ఉన్నవి. ఇవి ఉబ్బవు, లివర్ గట్టిగా, స్పష్టంగా పలుకుతుంది. అయితే ఆ అల్లిక రాసుకున్న చోటల్లా రంగు ఆకురాయితో రుద్దినట్టు పోతుంది, పైగా 1975 బండి మీద పరాయిగా మెరుస్తుంది. నల్లని తొడుగు ఉన్నవి తీసుకుంటే ఆ మెరుపు బాధ తగ్గుతుంది. మీరున్న పరిస్థితిలో నేనైతే మామూలు రబ్బరు వైపే మొగ్గుతాను, ఇంట్లో శాంతి కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి. ఏవి కొన్నా ఒకటి గమనించండి. మీరు ఉత్తరంలో "బ్రేక్ హోస్" అని ఏకవచనంలో రాశారు. మీ బండికి రెండున్నాయి. హ్యాండిల్ నుంచి ముందు ఫోర్కుల మధ్యనున్న కూడలి దాకా ఒకటి, అక్కడి నుంచి కాలిపర్ వైపు పోయే లోహపు పైపు దాకా రెండోది. ఆ కూడలి మీదే బ్రేకు దీపం స్విచ్చి ఉంటుంది, దాని తీగ ముందే విప్పుకోండి. రెండు హోసులూ కలిపే మార్చాలి.

ఈ పనిని ఎవరు చేయాలి? పూర్తిగా మీరే చేస్తే బండి మీకు బాగా తెలుస్తుంది, కానీ మీ మొదటి పొరపాటు బ్రేకు మీద జరుగుతుంది. పూర్తిగా మెకానిక్‌కు ఇస్తే పని త్వరగా అవుతుంది, కానీ రేపు దారిలో లివర్ మెత్తబడితే ఎందుకో మీకు అర్థం కాదు. మధ్యదారి ఏమిటంటే, పాతవి విప్పడం, శుభ్రం చేయడం మీరు చేసి, బిగించి గాలి తీసే రోజున తెలిసినవారిని పిలిచి వారి కళ్ళ ముందు మీ చేతులతో చేయడం. అన్నింటికీ "పీకేయాలి" అన్న మెకానిక్‌ను ఇందుకు అడగండి. కదిలించవద్దన్నాయనను అడగవద్దు. ఆయన చెడ్డవాడని కాదు, లీకు వస్తుందన్న భయం కూడా నిజమే, కానీ చేయడం ఇష్టం లేని పనిని చేయించుకోకూడదు.

బిగించేటప్పుడు ఎవరు చేసినా మీరు చూడవలసినవి చెబుతాను. గొట్టం చివర ఉంగరానికి రెండు వైపులా చెరో రాగి వాషరు ఉండాలి, అవి కొత్తవై ఉండాలి. ఒకసారి నలిగిన వాషరు మళ్ళీ సరిగ్గా కూర్చోదు. ఆ బోల్టు లోపల ద్రవం పోయేందుకు బోలుగా ఉంటుంది, అంటే కనిపించినంత బలం లేదు. పానా మీద బరువంతా వేస్తే తల తెగుతుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి తెప్పించి, సర్వీసు పుస్తకంలో ఇచ్చిన అంకె దగ్గర ఆపించండి. పూర్తిగా బిగించే ముందు హ్యాండిల్‌ను ఎడమకు చివరి దాకా, కుడికి చివరి దాకా తిప్పి చూడండి. గొట్టం ఎక్కడా లాగకూడదు, తీగలను నొక్కకూడదు.

గాలి తీయడంలో సహనం పోగొట్టుకునేవారే ఎక్కువ. నిపుల్‌కు సన్నని గొట్టం తగిలించి, రెండో కొనను కొంచెం కొత్త ద్రవం పోసిన సీసాలో ముంచాలి. (అన్నట్టు, మీ పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టం వృథా పోదు, ఇక్కడికి సరిగ్గా పనికొస్తుంది. బుడగలు కనబడాలి కదా.) లివర్ నొక్కి పట్టుకోవాలి, నిపుల్ పావు వంతు తిప్పాలి, బుడగలతో ద్రవం బయటికి వస్తుంది, నిపుల్ మూయాలి, ఆ తరువాతే లివర్ వదలాలి. ఈ వరుస తప్పితే బయటికి తోసిన గాలినే మళ్ళీ లోపలికి పీలుస్తుంది. పైన గిన్నెలో ద్రవం ఎప్పుడూ అడుగంటకూడదు. పూర్తిగా ఖాళీ అయిన వ్యవస్థలో మొదటి ఇరవై ముప్ఫై నొక్కులకు ఏమీ జరగనట్టే ఉంటుంది. అప్పుడు నిపుల్ మూసి ఉంచి, లివర్‌ను వేలెడు కూడా కాకుండా కొద్దికొద్దిగా కదుపుతూ గిన్నెలోకి చూడండి. ఆ సూదిమొన రంధ్రంలోంచి ఆవగింజంత బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తాయి. అవి ఆగేదాకా కూర్చోవాలి.

లివర్ రాయిలా గట్టిపడ్డాక శక్తికొద్దీ నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. అది మెల్లగా కూడా కిందికి దిగకూడదు. ప్రతి కూడలినీ పొడి కాగితంతో అద్ది చూడండి. వదిలాక చక్రం చేతితో తిరగాలి. ప్యాడు కాస్త రాసుకుంటున్న చప్పుడు డిస్క్ బ్రేకులో మామూలే. ఆ తరువాత మనుషులు లేని చోట నడక వేగంతో పదిసార్లు ఆపి చూడండి. మీ వెనుక బ్రేకు డ్రమ్ము, కడ్డీతో పనిచేసేది, ముందు దానితో సంబంధం లేదు. ఆ మొదటి పది పరీక్షల్లో అది మీకు అండ. దాన్ని ముందే సరిచూసుకోండి.

ఇంతా చెప్పాక, వచ్చే నెల ప్రయాణం సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నెర్రెలు వారిన గొట్టం కాదు, ఆ తేదీ. విడిభాగాలు ఆలస్యమవుతాయి, ఒక వాషరు తక్కువ పడుతుంది, కాలిపర్ కూడా విప్పవలసి వస్తుంది. అప్పుడు తేదీ మీ చెవిలో "ఇప్పటికి చాలులే" అంటుంది. పైగా పదకొండేళ్ళు నిలబడిన టైర్లూ రబ్బరే కదా. వాటి పక్కన నాలుగంకెల తయారీ గుర్తు చూడండి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. నాలుగంకెలు కాక మూడే ఉంటే ఆ టైరు 2000కు ముందుది, ఇక ఆలోచించనక్కర్లేదు. ఎదిగిన మనిషిని, అదీ మోకాళ్ళు పట్టేసిన పెద్దాయనను వెనుక కూర్చోబెట్టుకుని పోయే బండి అన్ని విధాలా సిద్ధమై ఉండాలి. సిద్ధమైతే సంతోషం. కాకపోతే ఆయన వచ్చిన రోజున ఇంజను స్టార్ట్ చేసి, నాలుగు సైలెన్సర్ల పక్కన ఆయనకు కుర్చీ వేయండి. దానికి పెట్రోలు గొట్టం ఒక్కటి కొత్తదైతే చాలు.

మరో దారి కూడా ఉంది, బ్రేకు పని ఆయన వచ్చేదాకా ఆపడం. ఆయన మోకాళ్ళు పనిచేయకపోవచ్చు, చేతులు పనిచేస్తాయి. లివర్ నొక్కి పట్టుకోవడానికి ఎలాగూ రెండో మనిషి ఉంటే మేలు. ఆయనను నొచ్చుకోకుండా ఒప్పించడమెలా అని మీరు అడిగారు గానీ, మాటలతో ఒప్పించగలరని నాకు నమ్మకం లేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ముందు నా ఉత్తరం ఎంత? "మీ గొట్టాలు పాడయ్యాయి" అంటే ఆయనకు "మీరు చూసుకోలేదు" అని వినిపిస్తుంది. "వదిలాక చక్రం తిరగడం లేదు, ఎందుకో చూద్దాం రండి" అనండి. పైన రాసిన పరీక్షను ఆయన చేతే చేయించండి. నిపుల్ వదులు చేయగానే చక్రం తిరిగితే ఇక మీరు ఏమీ చెప్పనక్కర్లేదు.

తీసేసిన గొట్టాలను ఏం చేయాలన్నారు. రెండు బ్రేకు హోసుల్లో పైదాన్ని తుడిచి, కవరులో పెట్టి, తీసిన తేదీ, మీటరు మీది కిలోమీటర్లు రాసి దాచండి. బండితో వచ్చిన వస్తువు బండితోనే ఉంటుంది. కిందిదాన్ని మాత్రం ఆయన ఎదురుగా పలక మీద పెట్టి, పదునైన బ్లేడుతో ఈ చివరి నుంచి ఆ చివరికి నిలువునా చీల్చండి. రెండు సగాలనూ విప్పి ఆయన చేతికివ్వండి, కళ్ళజోడు కూడా దగ్గర పెట్టండి.